నిన్న ఏం కూర వండిండ్రమ్మా?

మగమనిషి ఇంటికొచ్చి పొయ్యి సంగతి అడగడం మా అమ్మమ్మ అదివరకు ఎరగదు. పట్వారి వస్తే భూమి అడుగుతాడు, సావుకారి వస్తే బాకీ అడుగుతాడు, సంబంధం తెచ్చినవాడు కట్నం అడుగుతాడు. ఈ సారు మాత్రం పెద్ద పెద్ద కాయితాల కట్ట ఒళ్లో పెట్టుకొని పక్కింటి అరుగు మీద కూర్చొని, "నిన్న ఏం కూర వండిండ్రమ్మా? రొట్టెలు ఎన్ని? నూనె ఎంత పోసిండ్రు? పిల్లగానికి ఎంత పెట్టిండ్రు?" అని అడిగేవాడు. పక్కింటామె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏదో ఒకటి చెప్పేది. గోడ ఇవతల నుంచి మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. "పావుసేరు కాదు సారూ, అద్దసేరు! నేను చూసిన" అని అరిచేది.

1977 ఎండాకాలం అది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. డోకూరు మా అమ్మమ్మ ఊరు. పాలమూరు జిల్లా దేవరకద్ర దగ్గర, ఎర్ర చెల్కలు, ఒక చెరువు, మిగిలినదంతా మొగులు దయ. ఆ సారు ఊళ్లోనే ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉండేవాడు. మూడు నాలుగు వారాలకొకసారి అవే ఇండ్లకు పోయి అవే ప్రశ్నలు అడిగేవాడు. ఎన్ని రోజులు కైకిలికి పోయారు, ఎంత ఇచ్చారు, పైసలిచ్చారా జొన్నలిచ్చారా, ఎద్దులు ఎన్ని పూటలు కట్టారు, ఎవరి దగ్గర బదులు తెచ్చారు, ఎంత తీర్చారు.

మా అమ్మమ్మ బాధల్లా ఒకటే. ఆ సారు మా ఇంటికి రాడు. ఎందుకు రాడో ఆయన్నే అడిగింది. "చీటీలు తీసినమమ్మా, మీ ఇల్లు రాలేదు" అన్నాడాయన. దానం పంచడానికి చీటీ తీస్తారని తెలుసు గానీ మాట అడగడానికి చీటీ తీయడమేందో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు. ఈ సంగతే నేను డిగ్రీ పిల్లలకు ముప్ఫై ఏళ్లుగా "యాదృచ్ఛిక నమూనా" అని బోర్డు మీద రాసి చెబుతున్నాను. వాళ్లకూ అంతే అర్థమవుతుంది. చీటీ అంటే మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఆ సారును పంపింది పటాన్‌చెరువు దగ్గరి ఇక్రిశాట్. వానమీద బతికే మెట్ట ప్రాంతాల కోసం 1972లో పెట్టిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, ఈ పంటల్లో కొత్త వంగడాలు తేవడం దాని పని. అయితే వంగడం పొలంలో మొలవాలంటే ముందు రైతు మనసులో మొలవాలి. కొత్త విత్తనం రైతు ఎందుకు వేస్తాడు, ఎందుకు వేయడు? ఇది ప్రయోగశాలలో తేలే ముచ్చట కాదని అక్కడి ఆర్థికశాస్త్రజ్ఞులు 1975లో ఊళ్లకు బయలుదేరారు. ఎన్నుకున్నవి ఆరూళ్లు. షోలాపూర్ జిల్లాలో శిరాపూర్, కల్మన్. అకోలా జిల్లాలో కంజారా, కిన్‌ఖేడా. మన పాలమూరులో కల్వకుర్తి వైపు అవురుపల్లి, ఇటు మా డోకూరు. ఒక్కో ఊళ్లో 40 ఇండ్లు: భూమి లేని కూలి ఇండ్లు 10, చిన్న రైతులవి 10, నడిమి రైతులవి 10, పెద్ద రైతులవి 10. అన్నీ కలిపితే 240. పట్నం నుంచి కారులో వచ్చి పొద్దుగూకేలోగా వెళ్లిపోయే సర్వే కాదిది. ఊరి మాట వచ్చిన, పల్లెలో పుట్టి పెరిగిన వ్యవసాయ పట్టభద్రులను ఊళ్లోనే కాపురం పెట్టించారు. మూడూళ్లలో ఇది పదేళ్లు తెగకుండా సాగింది, అందులో అవురుపల్లి ఒకటి. డోకూరులో మధ్యలో ఆగి, 2001 తర్వాత మళ్లీ మొదలైంది.

అవురుపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో పడింది గానీ ఊరు అదే, చెల్కలు అవే. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు ఔరేపల్లె. ఆముదాల ఊరు, ఈత తాటి చెట్ల ఊరు, గీతపని మీద బతికే ఇండ్లు ఎక్కువ. చికాగోలో, హార్వర్డులో అభివృద్ధి ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు హైదరాబాదు ఎక్కడుందో తెలియకపోవచ్చు, ఔరేపల్లె పేరు మాత్రం తెలుసు. నేను అతిశయోక్తి చెప్పడం లేదు.

నాకు ఆ పేర్లు ఎదురైంది ఎం.ఏ. చదివేటప్పుడు. 1990లో థామస్ వాకర్, జేమ్స్ రయన్ అనే ఇద్దరు ఆ పదేళ్ల లెక్కలన్నీ కూర్చి ఒక లావుపాటి పుస్తకం వేశారు. లైబ్రరీలో కొత్త పుస్తకాల అరలో అది తిరగేస్తుంటే ఒక పట్టికలో డోకూర్ అని కనపడింది. మా అమ్మమ్మ ఊరు, ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన దశాంశ బిందువులతో! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ పట్టికలో నూనె లెక్క కోసం వెతికాను, పావుసేరు రాశారా అద్దసేరు రాశారా అని.

ఆ లెక్కల మీద తర్వాత తర్వాత ఎంతమంది ఎన్ని పరిశోధనలు చేశారో చెప్పుకుంటూ పోతే పత్రిక సరిపోదు. నాకు తగిలినవి, అంటే నా ఒంటికి తగిలినవి, రెండు మూడు చెబుతాను.

మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు 1989లో ఒక వ్యాసం రాశారు. వాళ్లకొచ్చిన అనుమానం చిన్నది. భారతదేశపు పల్లెల్లో ఊరు విడిచి పోయేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పనికి కాదు, పెండ్లయి పోతారు. అదీ దూరం, ఒక్కో బిడ్డ ఒక్కో దిక్కు, అయినా చుట్టరికం ఉన్న ఇండ్లకే. ఎందుకు? వాళ్లు లెక్కకట్టి చెప్పిన జవాబు: అది ఒక రకం బీమా. కరువొస్తే ఊరంతటికీ వస్తుంది, పక్కింటివాడు ఆదుకోలేడు. అదే అరవై మైళ్ల అవతల వియ్యంకుడు ఉంటే అక్కడ వాన పడి ఉండొచ్చు. పంటల రాబడి ఎక్కువ ఒడిదొడుకులుగా ఉన్న ఇండ్లవాళ్లే బిడ్డలను ఎక్కువ దూరం ఇచ్చారనీ, అట్లా ఇచ్చిన ఇండ్లలో కరువేళ కూడా తిండి మరీ పడిపోలేదనీ తేల్చారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. పెద్దక్కను గద్వాల వైపు ఇచ్చారు, కృష్ణా తుంగభద్రల నడుమ నల్లరేగడి. నడిపక్కను మిర్యాలగూడ అవతల ఇచ్చారు, సాగర్ ఎడమ కాలువ కింద. ఇద్దరూ మా అమ్మ వైపు చుట్టరికాలే. 1987 కరువుకు మా చెల్కలో గింజ రాలేదు. మిర్యాలగూడ నుంచి రెండు బస్తాల వడ్లు బస్సు టాపు మీద వచ్చాయి. "అప్పు కాదు, ఊరికే పంపినం" అని బావ చీటీ రాసి పెట్టాడు. తర్వాత నాలుగేళ్లకు బావకు ఆపరేషన్ అయితే మా నాయన ఎద్దును అమ్మి పైసలు పట్టుకొని పోయాడు. అదీ ఊరికే.

సెలవులకు ఇంటికి పోయి నాయనను అడిగాను, "బిడ్డలను దూరం ఇస్తే కరువుకు ఆసరా అవుతదని లెక్కేసుకొని ఇచ్చినవా?" అని.

"లెక్కలేంది బిడ్డా? దొరికిన కాడ ఇచ్చిన" అన్నాడు.

అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "దొరికిన కాడనా? ఆ ఊరికి కాలువ నీళ్లొస్తయా అని పొద్దుగాల లేచి నువ్వు అడగలేదా? మా పెద్దమ్మ కొడుకు పక్కూర్లనే ఉంటే, ఆల్లూ మనమూ ఒక్క మొగులు కిందనే, వద్దు అనలేదా?" అంది.

నాయన బీడీ ముట్టించుకొని బయటికి పోయాడు. రోజెన్‌జ్వైగ్ గారికి ఆ సమీకరణాలన్నీ దేనికోసమో మా అమ్మ ఒక్క మొగులు అన్న మాటతో చెప్పేసింది. ఎకనామిక్స్‌లో దీన్ని సహసంబంధ నష్టభయం అంటారు. నేను తరగతిలో "ఒక్క మొగులు" అనే చెబుతాను.

నా పెండ్లి వచ్చేసరికి నాయన నీళ్లు చూడలేదు, నౌకరి చూశాడు. వానతో పనిలేని జీతం. నల్లగొండ జిల్లా మునుగోడు వైపు సంబంధం. నీళ్లు చూడకపోవడం ఎంత పొరపాటో తర్వాత చెబుతాను.

రెండోది హన్స్ బిన్స్‌వాంగర్ ఆడించిన ఆట. ఈయన స్విట్జర్లాండ్ మనిషి, ఆ రోజుల్లో ఇక్రిశాట్‌లో పనిచేసేవాడు. రైతు నష్టానికి ఎంత భయపడతాడో కొలవాలనుకున్నాడు. మామూలుగా అయితే అడుగుతారు, ఇంత వస్తుందంటే ఇంత పెడతావా అని. ఆయన అడిగించాడు, దాంతోపాటు నిజం పైసలతో ఆటా ఆడించాడు. బొమ్మా బొరుసు. ముందు ఏ ఆట కావాలో ఎంచుకోవాలి. ఒకదాంట్లో ఏది పడ్డా 50 రూపాయలు ఖాయం. ఇంకోదాంట్లో ఒకటి పడితే 45, రెండోది పడితే 95. మరోదాంట్లో 40 లేదా 120. ఇంకా ముందుకు పోతే 30 లేదా 150. ఆఖరుది, పడితే 200, పడకపోతే ఉత్త చేతులు. మొదట అర్ధరూపాయి ఆటతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, నడుమ నడుమ ఆలోచించుకోవడానికి రోజులిచ్చారు. పెద్ద ఆటలో రాగల పైసలు ఆ రోజుల్లో ఒక కూలిమనిషి నెల సంపాదన కంటే ఎక్కువ.

ఏం తేలింది? ఉత్తగా అడిగినప్పుడు చెప్పిన జవాబులకూ, పైసలు పెట్టి ఆడినప్పుడు చేసిన పనికీ పొంతనే కుదరలేదు. అడిగిన మనిషి మారితే జవాబూ మారింది. ఆటలో మాత్రం, అర్ధరూపాయి దగ్గర తలా ఒక తీరుగా ఉన్నవాళ్లు పైసలు పెరిగే కొద్దీ దాదాపు అందరూ నడిమి ఆటలకే వచ్చి నిలబడ్డారు. మరీ పిరికివాళ్లూ లేరు, మరీ తెగించినవాళ్లూ లేరు. ఎకరాలున్నవాడికీ లేనివాడికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 1980లో ఈ వ్యాసం అచ్చయింది. మనిషి చేతిలో నిజమైన డబ్బు పెట్టి ప్రయోగాలు చేయడం అనే పద్ధతికి అర్థశాస్త్రంలో ఇది తొలి మెట్లలో ఒకటి.

దీని అర్థం పైకి కనిపించేదానికన్నా పెద్దది. పేదరైతు కొత్త మందు, కొత్త విత్తనం, బోరు బావి పెట్టడానికి వెనకాడేది గుండె లేక కాదు, చేతిలో పెట్టుబడి లేక, అప్పు పుట్టక. గుండె అందరికీ ఒక్కటే. ఇది తేలి నలభై ఏళ్లు దాటినా, సమావేశాల్లో వేదిక మీద కూర్చున్న పెద్దలు "మన రైతులకు రిస్క్ తీసుకునే మనస్తత్వం లేదండీ" అంటూనే ఉన్నారు. అట్లా అన్న ప్రతిసారీ నా చేయి పర్సులో రూపాయి బిళ్ల కోసం పోతుంది.

మూడోది అన్నింటికన్నా పేరు పడ్డది. రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఎకనామెట్రికా అనే పత్రికలో రాసిన వ్యాసం. అవురుపల్లి, శిరాపూర్, కంజారా, మూడూళ్ల పదేళ్ల లెక్కలు తీసుకున్నాడు. ఊళ్లో ఒకడికి జ్వరమొచ్చి పనికి పోలేదు, ఇంకొకడికి పంట పురుగు పట్టింది. ఆ ఏడు వాళ్ల తిండి తగ్గాలి కదా? పెద్దగా తగ్గలేదు! ఊరంతా సగటున ఎట్లా తింటే వాళ్లూ దాదాపు అట్లాగే తిన్నారు. అంటే బ్యాంకు లేదు, బీమా లేదు, అయినా చేబదుళ్లతో, గింజలు దాచుకోవడంతో, ఎద్దులు అమ్మడంతో, చుట్టరికంతో ఊరే ఒక బీమా కంపెనీలా పనిచేస్తున్నదన్నమాట. పూర్తిగా కాదు. లెక్క ప్రకారం సంపూర్ణ బీమా లేదనే తేలింది, కానీ ఎవరూ ఊహించనంత దగ్గరగా వచ్చింది. మూడింటిలో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఈ ఆసరా తక్కువని కూడా కనపడింది.

1997లో మార్టిన్ రావల్లియన్, శుభమ్ చౌధురి అదే పత్రికలో అడ్డు తగిలారు. తిండి ఖర్చు కొలిచిన తీరులోనే లోపముంది, దాన్నిబట్టి ఊరి ఆసరా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తున్నదని వాదించారు. చదువుతుంటే మా అమ్మమ్మ గొంతు వినపడింది. పావుసేరా అద్దసేరా అన్న గోడ మీది తగాదా చివరికి ఎకనామెట్రికా దాకా పోయింది!

ఈ ముచ్చట డోకూరులో మా అత్తమ్మకు, అంటే మేనమామ భార్యకు, చెప్పి చూశాను. ఆమె చదువుకోలేదు. పొయ్యి ముందు కూర్చొని అంతా విన్నది.

"పానం బాగలేకుంటే గిన్నెడు బియ్యం అడిగితే ఎవరన్న ఇస్తరు, అది నిజమే. సావు అయితే పని బంద్ వెట్టి ఊరంత వస్తరు. పెండ్లికి మాత్రం ఎవ్వలియ్యరు. అది నీ నెత్తి మీదనే" అంది.

"మరి భూమి లేనోళ్లకు?"

"భూమి లేనోనికి బదులిస్తే రేపు యాడికెల్లి తెస్తడు? వాడు పుణె బస్సెక్కి పోతె నువ్వు ఎవ్వల్ని అడుగుతవ్?"

"ఊరందరికీ కాలం కాకపోతే?"

"అందరం బస్సెక్కుడే."

జబ్బుకు బీమా ఉంది, చావుకు ఉంది, పెండ్లికి లేదు. ఈ తేడాను నేను ఏ వ్యాసంలోనూ ఇంత స్పష్టంగా చదవలేదు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పాలమూరు లేబర్‌గా దేశం మీద పడ్డ ఇండ్లలో సగం ఇండ్లను అడగండి, ముందు పెండ్లి అప్పు పేరే చెబుతారు.

ఇక తిండి సంగతి. జెరె బెర్‌మన్, అనిల్ దేవలాలికర్ 1987లో ఇవే ఊళ్ల తిండి లెక్కలు తీసి ఒక చేదు నిజం చెప్పారు. ఆదాయం పెరిగితే తిండి మీద ఖర్చు పెరుగుతుంది గానీ, ఒంటికి పట్టే పోషకాలు అంతగా పెరగవు. ఎందుకంటే పైసలు రాగానే మనిషి ఎక్కువ తినడు, రుచిగా తింటాడు. జొన్నరొట్టె పోయి వరి అన్నం వస్తుంది. నా చిన్నప్పుడు డోకూరులో అన్నం పండుగ తిండి, రొట్టె రోజు తిండి. ఇప్పుడు మా ఇంట్లో డాక్టరు చెప్పాడని జొన్నరొట్టె కొనుక్కొచ్చుకుంటున్నాం, ఒక్కొక్కటి ఇరవై రూపాయలు.

ఇక్కడ ఒక పాలమూరు మనిషిని తలచుకోకపోతే తప్పవుతుంది. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పుట్టాడు, గోలకొండ పత్రిక నడిపాడు. ఆయన కూడా జీవితమంతా ఇదే ప్రశ్న అడిగాడు, నిన్న ఏం తిన్నారు అని. అయితే ఇంటింటికీ తిరగలేదు, కావ్యం కావ్యానికీ తిరిగాడు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు పక్కన పెట్టి, క్రీడాభిరామం, హంసవింశతి లాంటి పుస్తకాల్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ నాణేలు వాడారు అని ఏరుకొచ్చాడు. అదే ఆంధ్రుల సాంఘిక చరిత్ర, 1949. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి 1955లో దానికే దక్కింది, అప్పటికి ఆయన లేడు. కవిత్వాన్ని సర్వే ఫారంలా చదివిన మనిషి. ఇక్రిశాట్ సారుకూ ఈయనకూ మధ్య నాకు పెద్ద తేడా కనపడదు, ఒక్కటి తప్ప. ఈయన తేల్చింది తెలుగులో రాశాడు. మా నాయన నాలుగో తరగతి చదువుతో దాన్ని రెండుసార్లు చదివాడు.

ఇప్పుడు నీళ్ల సంగతి.

నేను కాపురానికి పోయిన ఊళ్లో బావి నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉండేవి. మా అత్తగారికి నలభై అయిదేళ్లు, నడుము వంగిపోయి ఉండేది. తల ఎత్తి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. పక్కింటి పిల్లల పళ్ల మీద గోధుమరంగు గీతలు. అక్కడి నల్లరాయిలో, ఎర్రరాయిలో ఫ్లోరైడ్ ఎక్కువ. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి ఆ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. బోరు లోతుకు పోయిన కొద్దీ నీళ్లు దొరికాయి, వాటితో పాటు విషమూ దొరికింది. ఈ రోగం గురించి నల్లగొండ జిల్లా పేరుతో 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ రాశాడు. నేను పుట్టకముందే, మా నాయన సంబంధం చూడకముందే, లండన్‌లో అచ్చయి ఉంది.

నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1975లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. పెద్ద యంత్రమేమీ కాదు. మా ఇంట్లో చేసిన తీరు చెబుతాను. నలభై లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, అడుగుకు రెండు వేళ్ల పైన నల్లా. నీళ్లు నింపి కొలత ప్రకారం సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కరిగిన నీళ్లు పోయాలి. ముందు గట్టిగా, తర్వాత మెల్లగా కర్రతో కలపాలి. కాసేపటికి నీళ్లలో తెల్లటి దూది పింజల్లాంటివి పుడతాయి. పటికలోని అల్యూమినియం చేసే పింజలవి. అవి ఫ్లోరైడ్‌ను పట్టుకొని మెల్లగా అడుక్కు దిగుతాయి. గంటసేపు కదిలించకుండా ఉంచితే పైన తేట, కింద ముద్ద. నల్లా తిప్పి తేట నీళ్లు పట్టుకోవాలి, ముద్దను దూరంగా పారబోయాలి.

మా అత్తగారు మొదటిరోజు ఆ పింజలు దిగడం కదలకుండా చూసింది. "పాలు ఇరిగినట్లున్నది" అంది. ఆమెకు పటిక కొత్త కాదు, వానాకాలం బురద నీళ్లలో పటిక తిప్పడం పుట్టింట్లోనే తెలుసు. కొన్ని నెలలు చేశాం. రోజూ కొలతలు, రోజూ గంట ఆగడం. పటిక ఒక చెంచా ఎక్కువైందా, నీళ్లు వగరు. తక్కువైందా, చేసిన పని దండగ. కోతల కాలంలో పొద్దున్నే పొలం పోయే ఇంట్లో ఇది సాగలేదు. మానుకున్నది మేమే, తప్పు పద్ధతిది కాదు. కానీ ప్రయోగశాలలో గెలిచింది వంటింట్లో ఎందుకు ఓడిపోతుందో ఎవరైనా పరిశోధించాలనుకుంటే మా డ్రమ్ము ఇప్పటికీ గొడ్ల కొట్టంలో ఉంది, కుడితి పోస్తున్నాం.

ఆ ఉపాయం తూర్పు ఆఫ్రికా దాకా పోయింది. టాంజానియాలో, ఇథియోపియాలో ఫ్లోరైడ్ ఊళ్లలో నల్లగొండ పేరుతోనే దాన్ని పిలుస్తారు. పుట్టింటి జిల్లా ఔరేపల్లె పేరుతో, అత్తింటి జిల్లా ఈ పేరుతో పుస్తకాలకెక్కాయి. మా ఇంటికి మాత్రం చివరికి మంచినీళ్లు తెచ్చింది మిషన్ భగీరథ పైపులో వచ్చిన కృష్ణమ్మ. అత్తగారు ఆ నీళ్లు రెండేళ్లు తాగి పోయింది. నడుము మాత్రం నిటారు కాలేదు, ముదిరిన రోగాన్ని ఏ నీళ్లూ వెనక్కి తిప్పలేవు.

వాన బీమా సంగతి కూడా పాలమూరుదే, చిన్నగా చెప్పి వదిలేస్తాను. 2003లో దేశంలో తొలిసారిగా వానను కొలిచి పైసలిచ్చే బీమా పెట్టింది మా జిల్లాలోనే, పల్లి, ఆముదం రైతులకు. పంట చూడరు, వానమానిలో నీళ్లు చూస్తారు. మంచి ఆలోచనే. ఎవరు కొన్నారని 2008లో జినే, టౌన్సెండ్, వికరీ లెక్కతీస్తే ఒక వింత బయటపడింది. నష్టానికి ఎక్కువ భయపడేవాళ్లే తక్కువగా కొన్నారు! బీమానే వాళ్లకు కొత్త నష్టభయంలా కనిపించిందన్నమాట. మా అన్న మాటల్లో చెప్పాలంటే, "వాన డబ్బాల పడ్డది, నా చేన్ల పడలే. నేను డబ్బాల విత్తనం వేసిన్నా?"

అమ్రాబాద్ గుట్టల్లో 1940లో చెంచుల మధ్య కాపురమున్న మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మొదలు ఇప్పటిదాకా మా రెండు జిల్లాలను ప్రపంచం అడుగుతూనే ఉంది, మా వాళ్లు చెబుతూనే ఉన్నారు. చెప్పినవాళ్లకు పైసలు రాకపోయినా పట్టింపు లేదు. వాళ్లు చెప్పిందాని నుంచి ఏం తేలిందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరన్నదే నా గోల. ఇందులో పరిశోధకులను అనడానికేమీ లేదు. ఇక్రిశాట్ ఆ ఊళ్ల లెక్కలన్నీ ఎవరైనా తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది, ఇంటిపేర్లు లేకుండా నంబర్లతో. బద్ధకం మాది, తెలుగులో పాఠం చెప్పే లెక్చరర్లది. ముప్ఫై ఏళ్లలో నేను బిన్స్‌వాంగర్ ఆట గురించి తెలుగులో రాసింది ఇదే మొదటిసారి. అత్తమ్మ చెప్పిన పెండ్లి ముచ్చట ఏ పత్రికకూ పంపలేదు.

మీ ఊరికి కూడా ఎవరో ఒకరు వస్తారు. ఇప్పుడు కాయితాల కట్ట ఉండదు, చేతిలో ట్యాబ్ ఉంటుంది. కూర్చోబెట్టి చాయ్ ఇవ్వండి. ఏం వండారో, నూనె ఎంత పోశారో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు లేచేటప్పుడు మాత్రం, తేలినదేందో మాకు తెలుగులో ఎప్పుడు పంపుతారని అడగండి. అడిగి, ఫోన్ నంబరు రాసుకోండి.